1975 టాప్స్ మినీ కొనాలా, మామూలు సైజు చాలా?

పోయిన చలికాలంలో ఆన్‌లైన్‌లో ఒక బేస్‌బాల్ కార్డు కొన్నాను. ‘1975 మినీ, రాబిన్ యౌంట్ రూకీ’ అని పెట్టారు. మినీ అంటే అమెరికా టాప్స్ కంపెనీ ఆ ఏడాది కార్డుల పొట్టి రకం, రూకీ అంటే ఆటగాడి మొదటి కార్డు. ఫోటో శుభ్రంగా ఉంది, మూలలు పదునుగా ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువే, కానీ మినీ కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కవరు వచ్చాక కార్డు తీసి నా దగ్గరున్న మినీల పక్కన పెట్టాను. వాటికన్నా చిటికెన వేలి గోరంత పొడవుంది! అది మామూలు సైజు కార్డు. అమ్మినతను అబద్ధం ఆడాడని నేననుకోను. తనకీ తేడా తెలిసుండదు. డబ్బు వాపసు వచ్చింది గానీ నాకు పాఠం మాత్రం మిగిలింది. ఈ మినీల విషయంలో ఫోటో చూసి సైజు చెప్పడం ఎవరివల్లా కాదు.

ఎందుకంటే మామూలు కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. మినీ రెండుంపావు వెడల్పు, మూడు అంగుళాల మీద అరపావు పొడవు. రెండింటిలోనూ పొడవును వెడల్పుతో భాగించి చూడండి. ఒకటి 1.40, ఇంకోటి 1.39. బొమ్మ అదే, నంబరు అదే, వెనక రాత అదే, ఆకారం కూడా దాదాపు అదే. స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టినా కవలల్లా ఉంటాయి. అందుకే స్లాబ్‌లో (కండిషన్‌కు మార్కు వేసే కంపెనీ సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో) లేని కార్డుకు ‘మినీ’ అని డబ్బు పెట్టేముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమని అడగండి. అడిగితే విసుక్కునే వాళ్ల దగ్గర కొనకపోయినా నష్టం లేదు.

అసలు ఈ మినీలు ఎక్కడివో తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మన చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చినట్టు, అమెరికాలో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్ ప్యాకెట్లలో బేస్‌బాల్ కార్డులు ఇచ్చేది. 1975లో వాళ్ల సెట్ 660 కార్డులది. ఆ ఏడాది అదే సెట్‌ను పొట్టి సైజులో కూడా అచ్చేసి, దేశమంతా కాకుండా కొన్ని ప్రాంతాల్లో మాత్రమే అమ్మి చూశారు. ముఖ్యంగా మిషిగన్‌లోనూ, పడమటి తీరాన కాలిఫోర్నియా వైపూ. అట్ట ఖర్చు తగ్గించడానికి చేసిన ప్రయోగమనే మాట కలెక్టర్లలో ఎప్పట్నుంచో ఉంది. లెక్క వేస్తే మినీ వైశాల్యం మామూలు కార్డులో 80 శాతమే, కాబట్టి అట్టలో అయిదో వంతు మిగిలినట్టే. పిల్లలు మాత్రం ఎక్కడైనా అదే 15 సెంట్లు పెట్టి 10 కార్డుల ప్యాకెట్ కొనుక్కున్నారు. మరుసటి ఏడాది టాప్స్ మళ్లీ మామూలు సైజుకే వచ్చేసింది.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. అటు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్ సంగతీ అంతే. అంటే మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న ఊళ్లలో చాలావాటికి ఈ మినీలు అమ్మిన చోట్లు దగ్గరే. యాభై ఏళ్ల కింద ఇక్కడి పిల్లలు మూల మీది కొట్లో కొన్న కార్డులు ఇప్పటికీ ఇక్కడి అటకల మీదనుంచే దిగుతున్నాయి. శనివారం గ్యారేజ్ సేల్‌లో చెప్పుల డబ్బా కనిపిస్తే ఆగి చూడమనేది అందుకే.

మినీనా, మామూలుదా?

మినీలు ‘చాలా అరుదు’ అని అమ్మేవాళ్లంతా అంటారు. నమ్మకండి. మామూలు సైజుతో పోలిస్తే తక్కువ అచ్చయ్యాయన్నది నిజమే. కానీ ఇవి మాయమయ్యేంత తక్కువేమీ కావు. ప్రాంతాలవారీగా వచ్చిన వింత సరుకు అని అప్పుడే కొందరు వ్యాపారులు పెట్టెలకు పెట్టెలు కొని దాచుకున్నారు. ఏ రోజు వెతికినా ఈబేలో వందల్లో కనిపిస్తాయి. అరుదైనది మంచి కండిషన్‌లో ఉన్న మినీ. మిగతా సలహా అంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

కండిషన్ ఇంత కష్టం కావడానికి ఆ ఏడాది డిజైనే కారణం. అంతకుముందు టాప్స్ కార్డులకు చాలావరకు తెల్ల అంచులుండేవి. 1975లో పై సగం ఒక రంగు, కింది సగం ఇంకో రంగు, కార్డు చివరిదాకా నిండుగా. నారింజ-గోధుమ, పసుపు-ఎరుపు, ఇలా సంక్రాంతి ముగ్గుల్లా ఉంటాయి. చూడ్డానికి ఎంత బాగుంటాయో, దెబ్బ తగిలితే అంత గట్టిగా కనిపిస్తుంది. తెల్ల అంచున్న కార్డు మూల కొంచెం నలిగితే ఎవరికీ తెలియదు. ఇక్కడ రంగు ఆవగింజంత లేచినా లోపలి అట్ట తెల్లగా బయటపడుతుంది. సైజు చిన్నది కాబట్టి అదే గాటు మినీ మీద ఇంకొంచెం పెద్దగా కనిపిస్తుందని నాకనిపిస్తుంది. కొలిచి చూడలేదు లెండి.

సెంటరింగ్ కూడా చూసుకోవాలి. బొమ్మ కార్డు మధ్యలో ఉందా, ఒక పక్కకు జరిగిందా అని. 1975 కార్డులు పక్కకు జరగడం మామూలు. రెండు రంగులు కలిసే గీత ఎడమవైపు ఎక్కడుంది, కుడివైపు ఎక్కడుంది చూస్తే, కార్డు వంకరగా కోశారా లేదా ఇట్టే తెలిసిపోతుంది. నేను ముందు చూసేది ఆ గీతనే.

మరి ఎవరికి ఏది? చూసి ఆనందించడానికి, బైండర్‌లో పెట్టి పిల్లలకు చూపించడానికి అయితే మామూలు సైజు తీసుకోండి. ధర తక్కువ, దొరకడం తేలిక, స్లీవులూ (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు) పేజీలూ అన్నీ ఆ సైజుకే తయారవుతాయి. బొమ్మ పెద్దగా ఉంటుంది, ముందువైపు అచ్చేసిన ఆటగాడి సంతకం చదవడానికీ వీలు. మిషిగన్‌తోనో, కాలిఫోర్నియాతోనో మీకేదైనా బంధం ఉంటే, ‘ఇది అందరికీ దొరికింది కాదు’ అనే చిన్న గర్వం మీకు ముఖ్యమైతే, మినీకి వెళ్లండి. పెట్టుబడి కోసం అడిగితే మాత్రం నన్ను అడక్కండి. ధర పెరుగుతుందని మినీ కొన్నవాళ్లను చూశాను, స్లాబ్‌లు లాకర్‌లో పెట్టి అయిదేళ్లుగా మొహం చూడలేదు.

సగం సెట్ మామూలుది, సగం మినీ పెట్టుకోవడం మాత్రం వద్దు. నేను చేశాను. బైండర్ తెరిస్తే పన్నూడిన నోరులా ఉంది.

మొత్తం సెట్టా, ఒక జట్టా, పెద్ద పేర్లా?

660 కార్డులు అంటే భయపడతారు గానీ, 1975 సెట్‌లో ఒక సుఖం ఉంది. 1973 వరకు టాప్స్ కార్డులను విడతలుగా వదిలేది. వేసవి చివర వచ్చే ఆఖరి విడత కార్డులు తక్కువ అమ్ముడుపోయేవి, కాబట్టి ఇప్పుడు అవే సెట్ కట్టేవాళ్ల ప్రాణం తీస్తాయి. 1974 నుంచి సెట్ అంతా ఒకేసారి వదిలారు. అందుకే 1975లో ఆ ‘చివరి నంబర్ల’ బెడద లేదు. 15 సెంట్ల లెక్కన డూప్లికేట్ ఒక్కటీ రాకుండా 66 ప్యాకెట్లు కొనగలిగిన పిల్లాడికి ఆ రోజుల్లో 9 డాలర్ల 90 సెంట్లకు సెట్ పూర్తయ్యేది. అలాంటి అదృష్టం ఎవరికీ పట్టి ఉండదు, అది వేరే సంగతి.

ఈ సెట్‌లో మొదటి కార్డు, చివరి కార్డు రెండూ హ్యాంక్ ఆరన్‌వే. 1974 ఏప్రిల్ 8న బేబ్ రూత్ రికార్డు దాటి 715వ హోమ్ రన్ కొట్టిన సంబరం ఒకటో నంబరు. ఆ తర్వాత అట్లాంటా నుంచి మిల్వాకీకి మారాడు కాబట్టి 660వ కార్డులో బ్రూవర్స్ ఆటగాడిగా కనిపిస్తాడు. పిల్లలు కార్డులను నంబర్ల వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు. ఆ బ్యాండు కోసుకునేది పైనున్న కార్డునూ, అడుగునున్న కార్డునూ. అంటే ప్రతి కట్టలోనూ దెబ్బ తిన్నది ఆరనే. మిగతా 658 బాగుండి ఈ రెండూ అంచులు నొక్కుకుపోయిన సెట్లు నేను మూడు చూశాను. సెట్ మొత్తం కొంటుంటే ముందు ఈ రెండు కార్డుల ఫోటోలు అడగండి, తర్వాతే ధర మాట్లాడండి.

పెన్ను గుర్తుల గురించి కూడా చెప్పాలి. చెక్‌లిస్టు కార్డులు, టీమ్ కార్డుల వెనకాల ఉన్న జాబితాల్లో పిల్లలు తమ దగ్గరున్నవాటికి టిక్కులు పెట్టేవాళ్లు. వాటికోసమే కదా ఇచ్చింది! టిక్కు లేని కార్డు కావాలంటే కొంచెం ఎక్కువ పెట్టాలి. నాకైతే టిక్కులున్నవే ఇష్టం. నా దగ్గరున్న ఒక డెట్రాయిట్ టైగర్స్ టీమ్ కార్డులో ఆ పిల్లాడు ఎవరికో టిక్కు పెట్టి, మళ్లీ కొట్టేశాడు. ఎవరితోనో మార్చుకుని ఉంటాడు, లేకపోతే పోగొట్టుకుని ఉంటాడు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒక జట్టుతో మొదలుపెట్టమని. అప్పట్లో లీగ్‌లో జట్లు 24. ఒక్కో జట్టుకు పాతిక, ముప్ఫై కార్డుల దాకా పడతాయి, రెండు నెలల్లో పూర్తవుతుంది, చేతికి అలవాటవుతుంది. మిషిగన్‌వాళ్లకు డెట్రాయిట్ టైగర్స్. ఆ జట్టు 1975లో 102 మ్యాచ్‌లు ఓడింది, కాబట్టి ఆ కార్డులకు పెద్ద గిరాకీ లేదు, ధరలు దయగా ఉంటాయి. ఆ జట్టు ఆటగాడు అల్ కాలీన్ అప్పటికే రిటైరయినా, అతని 3000వ హిట్‌కు 4వ నంబరు కార్డు ఉంది. టైగర్స్ వరసలో అది తప్పకుండా పెట్టుకోండి.

కాలిఫోర్నియావాళ్లయితే ఓక్‌లాండ్ ఏస్ తీసుకోండి. 1972, 73, 74, వరసగా మూడేళ్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు. రెజ్జీ జాక్సన్ (300వ నంబరు), రోలీ ఫింగర్స్ (21), క్యాట్‌ఫిష్ హంటర్ (230) ఒకే పేజీలో కూర్చుంటారు. హంటర్ అప్పటికే న్యూయార్క్ యాంకీస్‌తో ఒప్పందం చేసుకున్నాడు, కానీ కార్డు మీద ఓక్‌లాండ్ దుస్తుల్లోనే ఉన్నాడు.

నాకు వీళ్లందరికన్నా ఇష్టం 407వ నంబరు, హెర్బ్ వాషింగ్టన్. ఇతను బేస్‌బాల్ ఆటగాడే కాదు, పరుగు పందెగాడు. ఓక్‌లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ ఇతన్ని వేరేవాళ్ల బదులు బేస్‌ల మీద పరుగెత్తడానికే తెచ్చిపెట్టాడు. 105 మ్యాచ్‌లు ఆడి ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. అయినా 31 బేస్‌లు దొంగిలించి (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరి) 33 రన్‌లు చేశాడు. కార్డు కింది మూలన బంతి బొమ్మలో మిగతావాళ్లకు పిచర్ అనో, క్యాచర్ అనో రాస్తే ఇతనికి ‘పించ్ రన్నర్’ (బదులు పరుగెత్తేవాడు) అని రాశారు. ఈ కార్డు ఇప్పటికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. సెట్ కట్టకపోయినా, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియకపోయినా, ఈ ఒక్కటి కొనుక్కోండి.

పెద్ద పేర్ల దారి వేరు. ఈ సెట్‌ను నిలబెట్టేవి రూకీలే, అంటే ఆ ఆటగాడి మొదటి కార్డులు. జార్జ్ బ్రెట్ (228), రాబిన్ యౌంట్ (223) సొంత కార్డులతో ఉన్నారు. గ్యారీ కార్టర్ (620), జిమ్ రైస్ (616) మాత్రం నలుగురు మొహాలున్న ఉమ్మడి కార్డుల్లో ఉన్నారు. బ్రెట్, యౌంట్ ఇద్దరూ 1999లో ఒకేసారి హాల్ ఆఫ్ ఫేమ్‌కు (మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాకు) వెళ్లారు, వాళ్లతోపాటే నోలన్ రయాన్ కూడా. రయాన్ కార్డు 500. ఈ మూడింటినీ మినీలో పెట్టుకుంటే 1999లో వెళ్లిన ఆ ముగ్గురూ మీ అల్మరాలో ఉన్నట్టే. ధరల్లో బ్రెట్‌ది పైచేయి. డబ్బు పరిమితమైతే ముందు కార్టర్, రైస్ కొనండి, వాళ్ల ధర బ్రెట్ దరిదాపుల్లోకి రాదు.

స్లాబ్‌లో కొనాలా, విడిగా కొనాలా?

స్లాబ్ అంటే గ్రేడింగ్ కంపెనీ కార్డును పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చేది. పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ పేర్లు ఎక్కువ వింటారు. విడి కార్డును ‘రా’ అంటారు.

నా లెక్క ఇది. బ్రెట్, యౌంట్, మరీ ఖరీదైనవి ఏవైనా స్లాబ్‌లోనే కొనండి. మిగతా 650 రా కొనండి. స్లాబ్ లేబుల్ మీద మినీ అని రాసే ఉంటుంది కాబట్టి, మొదట్లో నాకు జరిగిన యౌంట్ ముచ్చట మీకు జరగదు. అంచులు కత్తిరించి పదును పెట్టిన కార్డులకు మార్కు వేయరు కాబట్టి ఆ టెన్షన్ కూడా ఉండదు. కత్తిరింపు చిన్న విషయం కాదు. నలిగిన అంచును బ్లేడుతో గీసేస్తే కార్డు కొత్తదానిలా కనిపిస్తుంది, ఒక మిల్లీమీటరు తగ్గినా కంటికి తెలియదు. రా మినీ చేతికొచ్చాక నాలుగు పక్కలా కొలవండి. 57 మిల్లీమీటర్లు, 79 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. ఫ్యాక్టరీ కోతలోనే వెంట్రుకవాసి తేడాలుంటాయి, వాటికి కంగారు పడొద్దు. కానీ ఒక వైపు అంచు మిగతా మూడింటికన్నా మెరుస్తూ కొత్తగా కనిపిస్తే ఆ కార్డు వెనక్కి పంపడమే.

మామూలు కార్డును కోసి మినీ చేయొచ్చా అని ఒకాయన అడిగారు. చేయలేరు, ఎందుకంటే మినీలో అక్షరాలూ బొమ్మా అన్నీ అదే నిష్పత్తిలో తగ్గాయి. పెద్దది కోస్తే అంచు పోతుంది గానీ లోపలి బొమ్మ చిన్నదవదు.

గ్రేడ్‌లో ఎంత మార్కు కొనాలి? ఎనిమిది నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి పదికి ధర మెట్లెక్కదు, లిఫ్ట్ ఎక్కుతుంది. ఆ మార్కుల మధ్య తేడా నేను భూతద్దంతో చూసినా కనిపెట్టలేను. అయిదూ ఆరూ మార్కులున్న కార్డులు చేతి దూరంలో చూస్తే చక్కగానే ఉంటాయి, నా బ్రెట్ ఆరే. ఒక్క చిట్కా చెప్తాను. ఒకే మార్కున్న రెండు కార్డుల్లో ఒకటి మూలలు మెత్తబడి సెంటరింగ్ బాగుంటుంది, ఇంకోటి మూలలు పదునుగా ఉండి బొమ్మ పక్కకు జరిగి ఉంటుంది. నేను మొదటిదే తీసుకుంటాను. గోడకు వేలాడదీసిన పటం వంకరగా ఉంటే కళ్లు దానిమీదికే పోతాయి కదా, ఇదీ అంతే. పీఎస్ఏ లేబుల్ మీద మార్కు పక్కన ‘ఓసీ’ అనే అక్షరాలుంటే బొమ్మ బాగా జరిగిందని అర్థం. మార్కు ఎనిమిదైనా దాన్ని ఎనిమిదిలా లెక్కపెట్టకండి.

విడి కార్డును చేతికి తీసుకున్నప్పుడు టేబుల్ లైట్ కింద వాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. నేరుగా చూస్తే కనబడని మడత గీత, వాలు వెలుతురులో సన్నటి దారంలా మెరుస్తుంది. తర్వాత వెనక్కి తిప్పండి. గమ్ పలక ఆనిన చోట గోధుమరంగు మరక, ప్యాకెట్ కాగితం మైనం అంటిన చోట నూనె చుక్కలాంటి మరక కనిపించొచ్చు. వీటితో ధర తగ్గుతుంది గానీ కార్డు అందం తగ్గదు. పైగా అది ప్యాకెట్‌లోనుంచి వచ్చిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంది?

కొత్తగా అచ్చయినవాటితో కూడా జాగ్రత్త. 1975 డిజైన్‌ను టాప్స్ తర్వాత చాలాసార్లు వాడుకుంది. 2024 హెరిటేజ్ సెట్ మొత్తం ఆ డిజైనే. ఆటగాళ్లు ఇప్పటివాళ్లు కాబట్టి వాటిని గుర్తుపట్టడం తేలికే. పాత ఆటగాళ్ల కార్డులను మళ్లీ అచ్చేసినవి వస్తే వెనకవైపు కింద చిన్న అక్షరాల్లో ఉన్న కాపీరైట్ వరస చదవండి. పాత అట్ట గరుకుగా, కొంచెం మట్టిరంగులో ఉంటుంది. తెల్లగా, నున్నగా ఉంటే అది మీ పిల్లల వయసు కార్డు.

ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ ప్రశ్నను ఎవరూ ముందు అడగరు, కార్డులు వచ్చాక తల పట్టుకుంటారు. మామూలు స్లీవ్‌లో మినీ వదులుగా తిరుగుతుంది, జరిగిన ప్రతిసారీ మూలలు తగులుతాయి. ‘మినీ స్లీవులు’ అని అమ్మేవి చాలావరకు సిగరెట్ కార్డుల సైజువి, వాటిలో ఇవి పట్టవు. నేను రెండు రకాలు కొని పారేశాక దొరికిన మందు, యూగీఓ అనే కార్డుల ఆట ఆడే పిల్లలు వాడే జపనీస్ సైజు స్లీవులు. వాటి కొలత 62 మిల్లీమీటర్ల వెడల్పు, 89 పొడవు. మినీ 57 కాబట్టి రెండు పక్కలా రెండున్నర మిల్లీమీటర్ల జాగా మిగులుతుంది, పైన కాస్త ఎక్కువ మిగులుతుంది. బిగుతూ కాదు, వదులూ కాదు. ఆ స్లీవ్‌తో సహా మామూలు తొమ్మిది అరల పేజీలో పెట్టేస్తే సరి. కొనేముందు పీవీసీ లేదని ప్యాకెట్ మీద చూసుకోండి.

మినీ కాకుండా ఇంకేమైనా?

ప్రాంతానికే పరిమితమైన చిన్న కార్డుల చరిత్ర పడమటి తీరంలో పెద్దది. డాడ్జర్స్, జెయింట్స్ జట్లు 1958లో కాలిఫోర్నియాకు తరలి వచ్చేదాకా అక్కడివాళ్లకు పెద్ద లీగ్ లేదు, పసిఫిక్ కోస్ట్ లీగే సర్వస్వం. అందుకే అక్కడి సిగరెట్లు, మిఠాయిలు, బిస్కెట్లతో వచ్చిన కార్డుల్లో ఎక్కువ ఆ లీగ్ ఆటగాళ్లవే. వేలెడంత ఒబాక్ సిగరెట్ కార్డులు 1909 నుంచి 1911 దాకా వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మిఠాయి కంపెనీ జీనట్ కార్డులు 1911లో మొదలై 1938 దాకా నడిచాయి. చాలా ఏళ్ల జీనట్ కార్డుల కింద ఒక కూపన్ ఉండేది, చింపి పంపితే బహుమతి. అందుకే ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ కూపన్ లేనివే, ఉన్నదానికి ధర ఆకాశంలో ఉంటుంది. జో డిమాజియో పెద్ద లీగ్‌కు రాకముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడిన రోజుల కార్డు కూడా ఈ జీనట్‌లోనే ఉంది. దాని జోలికి మనం పోలేం. 1949లో బోమన్ కంపెనీ పసిఫిక్ కోస్ట్ లీగ్‌కు 36 కార్డుల చిన్న సెట్ వేసింది. 36 చూసి మోసపోకండి, అవి నిజంగానే అరుదు. 1952లో మదర్స్ కుకీస్ 64 కార్డులు గుండ్రటి మూలలతో వచ్చాయి. మూలలు ముందే గుండ్రం కాబట్టి అవి నలగడం తక్కువ, ఈ పాతవాటిలో కొత్తవాళ్లకు నేను చెప్పేది అదే.

వీటితో పోలిస్తే 1975 మినీ తెలిసినవాళ్ల మొహాలతో, తట్టుకోగల ధరలో దొరుకుతుంది. జీనట్‌లో ఏ ఆటగాడు ఎవరో తెలియడానికే ఒక ఏడాది చదవాలి. చదవడం ఇష్టమైతే అటే వెళ్లండి, నేనింకా ధైర్యం చేయలేదు.

కెనడాలో ఓ-పీ-చీ కంపెనీ అదే 1975 సెట్‌ను ఇంగ్లీషూ ఫ్రెంచీ కలిపి వేసింది, కానీ అది మామూలు సైజే. డెట్రాయిట్ నుంచి వంతెన దాటితే కెనడాయే కాబట్టి ఇక్కడి పాత డబ్బాల్లో అవీ కలిసి దొరుకుతాయి. వెనక ఫ్రెంచి కనిపిస్తే పక్కన పెట్టుకోండి, వాటికి వేరే గిరాకీ ఉంది.

కొనడానికి ఎక్కడికి వెళ్లాలంటే, కామన్స్ (పెద్ద పేర్లు కాని మామూలు ఆటగాళ్ల కార్డులు) కోసం కార్డు షోలు మంచివి. హోటల్ హాళ్లలో, మాల్‌లలో జరుగుతాయి. మీ దగ్గర లేని నంబర్ల చీటీ తీసుకెళ్లి డబ్బాలు వెతుక్కోవచ్చు, చేతితో పట్టుకుని చూడొచ్చు, బేరం ఆడొచ్చు. సాయంత్రం మూట కట్టే వేళకు వెళ్తే బేరం ఇంకా బాగా తెగుతుంది. మన రైతు బజార్ లెక్కే. ఆన్‌లైన్‌లో అయితే అడుగుతున్న ధర కాకుండా అమ్ముడైన ధరలు చూసుకోండి, రెంటికీ మధ్య ఒక్కోసారి సగానికి సగం తేడా ఉంటుంది. వంద, రెండొందల కార్డులు ఒకే లాట్‌గా కొంటే ఒక్కోటీ చవకే. కానీ మంచివి ముందే ఏరేసి ఉంటారని లెక్కేసుకునే ధర చెప్పండి. లాట్‌లో 626వ నంబరు లారీ హేనీ కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి, ఆ ఫోటోలో ఉన్నది హేనీ కాదు, డేవ్ డంకన్ అనే ఇంకో ఆటగాడు. టాప్స్ పొరపాటు అది, ధరేమీ పెరగదు, మా ఇంట్లో మాత్రం వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తాను.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉండి కొనాలనుకుంటే పోస్టు ఖర్చు, కస్టమ్స్ కలిసి అయిదు డాలర్ల కార్డు బరువెక్కిపోతుంది. ఇక్కడున్న మీవాళ్ల అడ్రసుకు తెప్పించుకుని, వాళ్లు వచ్చేటప్పుడు తెమ్మనండి. పాతిక కార్డుల బరువు ఒక చాక్లెట్ ప్యాకెట్ అంత కూడా ఉండదు. పచ్చడి సీసాల సూట్‌కేసులో మాత్రం పెట్టొద్దని చెప్పండి, చేతి సంచిలో పెట్టుకోమనండి.